ప్యాకెట్టుకు మారన్నం

ఆ రోజుల్లో, రాష్ట్రం సరిహద్దులో శబరి నది ఒడ్డున ఉన్న మా కొంటాలో భోజనం అనేది రెండే రకాలు. ఒకటి ఇంట్లో తినేది, రెండోది మా హోటల్లో తినేది. (ఊళ్ళో ఇంకో రెండు మూడు హోటళ్ళు లేకపోలేదు గానీ, మా నాన్న వాటిని హోటళ్ళుగా ఒప్పుకునేవాడు కాదు కాబట్టి నేనూ ఒప్పుకోవడం లేదు.) ఇల్లు దగ్గరున్నవాడు ఇంట్లో తింటాడు, దూరమున్నవాడు మా దగ్గర తింటాడు. లోకం అంత తేలిగ్గా అర్థమయ్యేది. ఇంతలో ఎక్కణ్ణుంచో మూడో రకం వచ్చిపడింది. వండిన తిండే, కానీ వండిందెవరో తెలీదు. ఇంట్లో కూర్చునే తినొచ్చు, కానీ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇది ఇంటి తిండా, బయటి తిండా అని అప్పుడు మా ఇంట్లో మొదలైన గందరగోళం ఇప్పటికీ తేలలేదు. మొన్నటికి మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, అంగట్లో కొన్న ఉప్మా ప్యాకెట్టును పళ్ళతో చించుతూ, "మేడం, నేను అస్సలు బయట తినను" అంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకు చెప్పాలంటే మా హోటల్ కథంతా చెప్పాలి. ఆ పిల్లకు టైం లేదు, మీకుందనుకుంటాను.

మా హోటల్ రోడ్డు పక్కనే. ముందు హోటలు, వెనక మేము. మేమంటే నాన్న, నేను, అత్తమ్మ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్తమ్మ నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే, ఒక రేకు పెట్టెతో తమ్ముడి ఇంటికొచ్చి, పెట్టె మంచం కిందికి తోసి, పొయ్యి ముందు కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడమే. నన్ను పెంచింది, హోటల్‌ను పెంచింది, శబరి అవతల నుంచీ ఇవతల నుంచీ వచ్చే లారీ డ్రైవర్ల పొట్టలు కూడా పెంచింది. వంట ఆమెది, వడ్డన నాన్నది, గల్లాపెట్టె నాది. జగదల్‌పూర్‌లో బీకాం చదివి వచ్చాను కాబట్టి గల్లాపెట్టె ముందు కూర్చునే అర్హత నాకే ఉందని నాన్న నమ్మకం. ఆ నమ్మకం నాక్కూడా కొంచెం ఎక్కువగానే ఉండేది.

నాన్న వడ్డన గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా దగ్గర భోజనానికి ఒకటే ధర, ఆపైన ఎన్నిసార్లు మారు అడిగినా పైసా లేదు. ఇది చాలా హోటళ్ళలో ఉన్నదే. కానీ మా నాన్న మారు అడిగేదాకా ఆగే మనిషి కాదు. అన్నం గిన్నె చంకన పెట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, తెలుగోళ్ళను తెలుగులో, లారీవాళ్ళను హిందీలో, అడవి పల్లెల నుంచి సంతకొచ్చిన దొర్లవాళ్ళను వాళ్ళ దొర్ల భాషలో, జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళను అక్కడి హల్బీ భాషలో "ఇంకొంచెం?" అని అడిగేవాడు. మొదటిసారి వద్దంటే అది మర్యాద అనేవాడు. రెండోసారి వద్దంటే మొహమాటం అనేవాడు. విస్తరాకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు, చాలు" అని మొత్తుకుంటే తప్ప వదిలేవాడు కాదు. చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి ఒక ముద్ద జారవిడిచేవాడు. ఒక సర్దార్జీ డ్రైవరు పాపం తిన్న ఆకును రెండుగా మడిచి, దాని మీద తన తువ్వాలు కప్పి మరీ తప్పించుకున్నాడు.

ఇలా ఉండగా మా హోటల్‌కు సరిగ్గా ఎదురుగా కిరాణా కొట్టు నడిపే మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, షాంపూ పొట్లాల పక్కన కొత్త రకం దండలు వేలాడదీశాడు. ఉప్మా, పులిహోర, రాజ్మా అన్నం. ప్యాకెట్టును వేడినీళ్ళలో కాసేపు ముంచితే చాలు, భోజనం తయారు. కొన్ని రకాలకు ఆ ముంచడం కూడా అక్కర్లేదు, లోపలే వేడినీళ్ళు పోసి మూతి మడిచి పెట్టాలి. మొదట అందరం నవ్వుకున్నాం. కానీ అవి డ్రైవర్లకు తెగ నచ్చాయి. చీకటి పడేలోపు అడవి దాటి సుక్మా చేరుకోవాలని వాళ్ళ తొందర. మా నాన్న చేతికి చిక్కితే మూడు మార్లు తినకుండా లేవలేరు. ప్యాకెట్టయితే క్యాబిన్లో పడేసుకుని పోవచ్చు, బండి ఎక్కడ ఆగితే అక్కడ తినొచ్చు. పైగా ప్యాకెట్టు ఎవర్నీ బలవంతపెట్టదు.

అంతవరకు బాగానే ఉంది. కానీ వేడినీళ్ళెక్కడివి? మామ కొట్టులో పొయ్యి లేదు. ప్యాకెట్టు మామ దగ్గర కొని, రోడ్డు దాటి మా దగ్గరికొచ్చి, "సేఠ్‌జీ, థోడా గరమ్ పానీ" అనేవాళ్ళు. అడిగినవాడికి నీళ్ళివ్వనంటే ఎలా అని నాన్న ఇచ్చేవాడు. నీళ్ళు పోశాక నిలబడి తింటారా, కూర్చో భాయ్ అని బల్ల చూపించేవాడు. కూర్చున్నవాడు ఒట్టి ఉప్మా మింగుతుంటే చూడలేక ఆవకాయ వేసేవాడు. ఆవకాయ ఘాటుకు వాడు ఉస్సు ఉస్సుమంటుంటే మజ్జిగ పోసేవాడు. ఇదంతా ఉచితమే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాకు హోటల్ నిండా జనం కనిపించేవాళ్ళు, పెట్టెలో మాత్రం ఈగ వాలేది.

"ఏంది తమ్మీ ఇది?" అని ఒకనాడు అత్తమ్మ వంటింటి గుమ్మంలోంచి అరిచింది. "నేను వండిన కూర గట్లనే ఉన్నది. పొద్దటి సంది నీళ్ళు మరగబెట్టుడే పనాయె. మనది హోటలా, బాయిలరా?"

"ఏం చేయాలె అక్కా, అడిగినోనికి నీళ్ళు లేవంటమా?" అన్నాడు నాన్న.

"నీళ్ళిచ్చినవ్, సరే. మజ్జిగెందుకు పోసినవ్?"

"ఆవకాయ ఏసిన కద, కారమైంది."

ఈ జవాబులో తప్పెక్కడుందో అత్తమ్మకు దొరకలేదు. నాకూ దొరకలేదు.

అలా నెలలు గడిచేసరికి నవ్వులు పోయాయి. సగం బల్లలు నీళ్ళ గిరాకీకి, మిగతా సగం ఖాళీ. అప్పుడే జగదల్‌పూర్ నుంచి ఒక టైర్ల సేఠ్ వచ్చాడు. రోడ్డు పక్కన టైర్ల దుకాణం పెట్టాలని ఆయన ఆలోచన. ముందు హోటలు, వెనక ఇల్లు, మొత్తం కిరాయికి కావాలన్నాడు. నాన్న వెంటనే కాదనలేదు. ఆ కాదనకపోవడం చూసే మాకు భయం వేసింది. హోటల్ మూసేస్తే నాన్న మామ కొట్టులో భాగం కలుపుతాడు, నాన్నా నేనూ మామ వాళ్ళ వెనక గదిలో ఉంటాం. ఒక్కటే గది. మరి అత్తమ్మ?

"నాదేముంది, మా మరిది ఇంటికి పోత తియ్" అంది ఆమె, చింతపండు పిసుకుతూ. భద్రాచలం అవతల ఉన్న ఆ మరిది ఇంట్లో ఆమెకు ఎప్పుడూ కూర్చునే చోటు కూడా సరిగ్గా ఉండేది కాదని నాకు తెలుసు. మర్నాడు చూస్తే, ఆమె మంచం కింద ఎప్పుడూ కదలని రేకు పెట్టె బయటికొచ్చి, దుమ్ము దులిపి ఉంది.  ఈ హోటల్‌ను నిలబెట్టకపోతే నా బీకాం ఎందుకు అనుకున్నాను.

అనుకున్నదే తడవుగా నా బుర్రలో మెరుపు మెరిసింది. (అప్పట్లో నా బుర్రలో తరచు మెరిసేవి, వర్షం మాత్రం పడేది కాదు.) జనానికి ప్యాకెట్టు కావాలి. మా దగ్గర అత్తమ్మ వంట ఉంది. అత్తమ్మ పులిహోరనే ప్యాకెట్టులో పెట్టి, మామ అమ్మే కంపెనీ సరుకు కంటే తక్కువ ధరకు, భోజనం ధరలో సగానికి అమ్మితే? నాన్న ముందు ఒక ఉపన్యాసమిచ్చాను. మార్కెట్ మారిందన్నాను, కస్టమర్ చేతికి వెళ్ళాలన్నాను. నాన్న అంతా విని, "మరి మారో?" అన్నాడు.

"ప్యాకెట్టుకు మారు ఉండదు నాన్నా."

"మారు లేని భోజనమేంది బిడ్డా?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

దానికి నేను చాలా తెలివిగా నవ్వి ఊరుకున్నాను. అక్కడే కూర్చోబెట్టి విడమరిచి చెప్పి ఉండాల్సింది.

ప్యాకెట్టు అతికించే మిషను మాకెక్కడిది? కొవ్వొత్తి వెలిగించి, ఆక్సా బ్లేడు మీదుగా కవరు అంచు మడిచి, మంట పక్కన జరిపితే అతుక్కుంటుందని మిఠాయిబండి వాళ్ళ దగ్గర చూశాను. మొదటి రోజు కవర్లకంటే నా వేళ్ళే ఎక్కువ అతుక్కున్నాయి. అత్తమ్మ వద్దంటూనే ఉంది, "ఉడుకన్నం కవర్ల పెడితే చెమట పడ్తది పిల్లా, ఆరనియ్యి" అని. నాకు ఆగే ఓపిక లేదు. వేడి పులిహోర నింపి సీలు చేసిన ప్యాకెట్లు పూరీల్లా ఉబ్బి, వరసగా కూర్చుని, ఒక్కోటే టప్పుమని విచ్చుకున్నాయి. వంటింటి గోడ మీద పోపు గింజలు చాలా రోజులు కనిపించేవి. రెండో రోజు అన్నం పళ్ళెంలో ఆరబోసి విసనకర్రతో విసిరాం. ఈసారి ప్యాకెట్లు నిలిచాయి.

పొద్దున సుక్మా వెళ్ళే బస్సు మా ముందు ఆగగానే నాన్న బుట్టతో కిటికీల దగ్గరికి వెళ్ళాడు. క్షణాల్లో బుట్ట ఖాళీ. లారీలవాళ్ళూ తీసుకున్నారు. గల్లాపెట్టెలో చిల్లర గలగలమంటుంటే నేను అత్తమ్మ వైపు ఎంత గర్వంగా చూశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అయితే బుట్ట పట్టుకుని వెళ్ళిన నాన్న ఒక్కో కిటికీ దగ్గర ఎందుకంతసేపు మాట్లాడాడో నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం అదే బస్సు తిరిగొచ్చింది. కండక్టరు దిగాడు, వెనకే డ్రైవరు దిగాడు, వాళ్ళ వెనక సుక్మాలో పని చూసుకుని తిరిగొచ్చిన పొద్దుటి ప్రయాణికులు దిగారు. అందరి చేతుల్లో మా ఖాళీ కవర్లు, మడత పెట్టి జాగ్రత్తగా. ప్యాకెట్లలో ఏదో తేడా చేసిందనుకుని గల్లాపెట్టె మూత వేసేశాను. కండక్టరు నేరుగా నాన్న దగ్గరికెళ్ళి కవరు చూపించి, "సేఠ్‌జీ, ఆప్‌నే బోలా థా, కమ్ పడేగా తో ఆనా" అన్నాడు. తక్కువైతే రమ్మన్నారు కదా అని!

నాన్న ముఖం చూడాలి, పండగొచ్చినట్టుంది. "రమ్మన్న, రమ్మన్న! బైఠో, బైఠో!" అంటూ అడ్డాకుల విస్తళ్ళు పరిచేశాడు. అంతమందికీ అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, మజ్జిగ. మూడేసి మార్లు. నేను గల్లాపెట్టె వదిలి పరుగెత్తుకెళ్ళి, "నాన్నా, నువ్వేం చెప్పినవ్ వాళ్ళకు?" అన్నాను.

"ఏం చెప్తనే? కవరుల ఒక్కసారి ఏసినంతే పడ్తది కద. మనిషికి అది సాలతదా? సాలకుంటే మళ్ళొచ్చినప్పుడు మారు పెడ్తనన్న. తప్పా?"

తప్పని చెప్పడానికి నోరు తెరిచాను. బీకాంలో ఇలాంటి పాఠం ఒక్కటీ రాలేదు. 

ఆ వార్త ఊరంతా పాకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. సగం ధర ప్యాకెట్టు కొంటే మారు పేరుతో పూర్తి భోజనం దొరుకుతుంది. మరి పూర్తి ధర పెట్టి భోజనం ఎవడు కొంటాడు? రోజూ వచ్చే పాత గిరాకీ కూడా ప్యాకెట్టు కొని, మా బల్ల దగ్గరే కూర్చుని, రెండు ముద్దలు తిని, ఖాళీ కవరు పైకెత్తి "మారు!" అనేవాళ్ళు. ఒక మాస్టారు రోజూ సాయంత్రం ఒక ప్యాకెట్టు కొని, విప్పకుండా ఇంటికి పంపించి, తాను మాత్రం మారు తిని వెళ్ళేవాడు. ఇప్పుడు ఆయన తిన్నది హోటల్ భోజనమా, రెడీమేడ్ భోజనమా? నేను పద్దు ఏ పేరు మీద రాయాలి? ఎంత ఆలోచించినా తెగేది కాదు.

ఇంతలో పరాకాష్ఠ. ఒక లారీ డ్రైవరు మామ కొట్టులో కొన్న కంపెనీ ఉప్మా తిని, ఆ కంపెనీ కవరు పైకెత్తాడు. నాన్న గిన్నెతో అతని ముందు ఆగాడు. కవరు చూశాడు. నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, గట్టిగా ఊపాను. నాన్న చాలాసేపు ఆలోచించి, "ఆకలికి కంపెనీ ఏంది?" అని గొణుక్కుంటూ అన్నం వేసేశాడు.

సాయంత్రానికి మామ రోడ్డు దాటి వచ్చాడు. "ఏంది బావా, నా ప్యాకెట్టుకు నువ్వు మారు పెట్టుడేంది? కంపెనీవోళ్ళు వింటే ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? మా ఉప్మా సాలట్లేదనుకుంటరు."

"గట్ల కాదు బావా..." మామ ఆగాడు. తల గోక్కున్నాడు. "మరి నువ్వు మారు పెట్టవట్టి నా ప్యాకెట్లు డబుల్ పోతున్నయ్. ఇప్పుడు నేను కోపం చెయ్యాల్నా, వద్దా?"

"నాకేం తెలుసు?" అన్నాడు నాన్న.  తర్వాత మామ కూడా కూర్చుని తినే వెళ్ళాడు. (కవరు లేకుండానే.)

టైర్ల సేఠ్ మాట తేల్చుకోవడానికి వచ్చింది సరిగ్గా సంత రోజున. ఆయన జీపు దిగేసరికి హోటల్ కిటకిటలాడుతోంది. కొందరు భోజనం కొని తింటున్నారు, కొందరు మా ప్యాకెట్టుతో, కొందరు మామ ప్యాకెట్టుతో. అడవి నుంచి ఉసిరికాయల బుట్టలతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది విప్పి కూర్చున్నారు, నాన్న వాళ్ళకు కూడా మారు వేస్తున్నాడు. సేఠ్ గుమ్మంలో నిలబడిపోయాడు. "యే హోటల్ హై, దుకాన్ హై, క్యా హై?" అని నన్నడిగాడు. "పతా నహీ జీ" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

ఆయన్నీ కూర్చోబెట్టి ఆకు వేశారు. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఇంత జనం ఉన్నా నష్టం ఎందుకొస్తోందని అడిగాడు. నేను వివరించాను. ఆయన విరగబడి నవ్వి, మారుకు కూడా డబ్బులు తీసుకోండి, అంతే కదా అన్నాడు. నాన్న ముఖం వాడిపోయింది. గిన్నె బల్ల మీద పెట్టేశాడు.

"మారుకు పైసలు తీసుకునేదుంటే ఈ హోటల్ నీకే ఇస్త సేఠ్. ఇయ్యాల్నే ఇస్త."

 వంటింటి గుమ్మంలో అత్తమ్మ కనిపించింది. గిరాకీ ఉన్నప్పుడు ఆమె గుమ్మం దాటడం నేనెప్పుడూ చూడలేదు. చేతికి పిండి అలాగే ఉంది. నాకు రేకు పెట్టె గుర్తొచ్చింది.

"మారుకు తీసుకోకు తమ్మీ" అంది అత్తమ్మ. "ప్యాకెట్టుకు సగం ఎందుకు తీసుకుంటున్నవ్? భోజనానికెంతో గంతే తీస్కో. దార్ల సగం తింటరు, వాపస్ వచ్చి ఈడ సగం తింటరు. భోజనం ఒక్కటే కద, రెండు తాన్ల తింటున్నరు. ఎదురు దుకాణం కవరు తెచ్చెటోళ్ళు ముందు ఈడ ఒక భోజనం కొనాలె."

కండక్టరు తన కవరును ఇటూ అటూ తిప్పి చూసుకుని, హిందీలో లెక్క కట్టుకుని, సరే అన్నట్టు తలూపాడు. మిగతావాళ్ళు కాసేపు సణిగారు. ఎవరూ లేచి వెళ్ళలేదు. "అంటే మారు ఉన్నట్టే కద?" అని నాన్న అనుమానంగా అడిగాడు. "ఉన్నట్టే" అంది అత్తమ్మ. నాన్న గిన్నె మళ్ళీ చంకనెత్తుకున్నాడు. సేఠ్ మళ్ళీ చెయ్యి చాపాడు, కిరాయి కోసం కాదు, పచ్చిపులుసు కోసం.

ఆ తర్వాత ఖాళీ కవరు తెచ్చినవాళ్ళకు మారు వేసి, మళ్ళీ మళ్ళీ వాడకుండా అత్తమ్మ దాని మూల చించేది, బస్సు టికెట్టు చించినట్టు. అయినా ఎవరి కవర్లో ఎవరో తెచ్చేవాళ్ళు. ఆ వ్యాపారంలో లాభమెక్కడ మొదలై నష్టమెక్కడ ఆగిందో నాకు ఏనాడూ అంతుబట్టలేదు. హోటల్ మాత్రం మూతపడలేదు.

ఆ సంత రోజు జనమంతా వెళ్ళాక అత్తమ్మ ఎప్పటిలాగే చివర తినడానికి కూర్చుంది. ఒక మూలన, ఒక ఆకు, గిన్నె అడుగున మిగిలిన అన్నంలోంచి కొంచెం. నేను ఉట్టినే గిన్నె పట్టుకుని వెళ్ళి, నాన్నలా "ఇంకొంచెం?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె తలెత్తి నా వైపు చూసి అలాగే ఉండిపోయింది. ఇంతమందికి వండిన మనిషిని ఆ మాట ఎవరూ అడగలేదని అప్పుడు నాకు తట్టింది. వద్దనడం, చెయ్యి అడ్డం పెట్టడం, ఆ మర్యాదలేవీ ఆమెకు అలవాటు లేవు. "ఏస్తే ఏయ్ బిడ్డా" అంది, చిన్నగా. వేశాను. ఆ సాయంత్రమే రేకు పెట్టె మళ్ళీ మంచం కిందికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అత్తమ్మ లేదు, నాన్నా లేడు. హోటల్ ఇంకెవరో నడుపుతున్నారు, బాగానే నడుస్తోందని మామ చెబుతాడు. నేను జగదల్‌పూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఒక్కదాన్నే ఉంటూ, వారంలో సగం రోజులు ప్యాకెట్టే తింటాను. ఇది ఇంటి భోజనమా, బయటి భోజనమా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ప్యాకెట్టు పులిహోర నిజానికి బాగానే ఉంటుంది. వేడి చేసే డబ్బా కూత పెడుతుంది, తీసుకుంటాను, తింటాను. మొన్న తినేశాక, పళ్ళెం మీద చేతులు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నానని కాసేపటికి గమనించుకున్నాను, రెండు చేతులూ, గట్టిగా. గదిలో ఎవరూ లేరు. నాకే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక చెయ్యి కొంచెం పక్కకు జరిపాను.